పరారుణ కిరణములు – పక్షవాతము

పక్షవాతమను మాట వినని యిల్లు మన వాడలలో లేదు. నిన్నటివరకు గనికో, మిల్లునకో, బజారునకో తన కాళ్లపై తాను పోయివచ్చిన మనిషి తెల్లవారుసరికి ఒక చేయి, ఒక కాలు స్వాధీనము తప్పి, మూతి వంకరపోయి, మాట ముద్దయై మంచము పట్టుట మనము చూచుచున్నాము. కొందరు దీనిని గాలి సోకుట యందురు. కొందరు పూర్వకర్మ యందురు. చేయి పడిపోయినది గనుక జబ్బు చేతియందే యున్నదని తలచి తైలములు మర్దించువారును, పావురపు రక్తము పూయువారును కలరు. నిజమునకు జబ్బు చేతిలోను లేదు, కాలిలోను లేదు, అది తలలోనున్నది. చేతిని నడిపించు మెదడు భాగమునకు రక్తనాళము పూడుకొనిపోయి రక్తము అందకపోవుటయో, లేక అచటి రక్తనాళము చిట్లుటయో దీనికి కారణము. ఈ రెంటిలో మొదటిదియే యెక్కువగా సంభవించును. ఈ వ్యాసమున మేము చెప్పబోవునదియు ఆ మొదటిదానిని గూర్చియే.

ఇది ఎక్కడనో దూరదేశములలోని సంగతి కాదు. 1982లో మన చంద్రపూర్ జిల్లానుండి వేరుపడిన గడ్చిరోలి జిల్లాయందు డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు స్థాపించిన 'సెర్చ్' అను సంస్థ కలదు. ఆ సంస్థవారు 86 గ్రామములలో 2011 నుండి 2013 వరకు రెండు సంవత్సరములపాటు సంభవించిన మరణములను, వాని కారణములను విచారించి లెక్క కట్టిరి. మొత్తము 1,599 మరణములలో 229 మరణములు పక్షవాతము వలన కలిగినవని తేలినది. అనగా ప్రతి ఏడు మరణములలో ఒకటి. ఆ గ్రామములలో మనుష్యుల ప్రాణములు తీయు కారణములన్నిటిలోను ఇదియే మొదటి స్థానమున నిలిచినది. పాముకాటు కాదు, మలేరియా కాదు, పక్షవాతము. ఆ మరణములలో పదింట దాదాపు తొమ్మిది ఇంటియందే జరిగినవి. 2015లో ఈ లెక్కలు ప్రకటింపబడినవి.

అట్టి యీ వ్యాధి మెదడునందు ఏమి చేయుచున్నది? రక్తము ఆగిన క్షణమునుండి అచట ఏయే పదార్థములు తరుగుచున్నవి, ఏవి పెరుగుచున్నవి? ఇది కంటికి కనబడు సంగతి కాదు. దీనిని చూచుటకు శాస్త్రజ్ఞులు కంటికి కనబడని వెలుగునే సాధనముగా గైకొనిరి. ఆ వెలుగు పేరు పరారుణ కిరణములు. వానితో మెదడు యొక్క రసాయన చిత్రమును తీయు విధానమును, ఆ చిత్రములు మనకు చెప్పు పాఠమును మేము ఇచట వివరింప దలచితిమి.

బొగ్గు నిలువ లేని కేంద్రము

మనిషి మెదడు బరువు సుమారు 1.4 కిలోలు. శరీరపు బరువులో అది ఏబదవ వంతు మాత్రమే. కాని మనము ఊరక కూర్చున్నప్పుడు శరీరము వాడుకొను ప్రాణవాయువులో అయిదవ వంతును ఈ చిన్న అవయవమే స్వీకరించుచున్నది. నిద్రలో సైతము దాని పని ఆగదు.

చంద్రపూర్ థర్మల్ విద్యుత్కేంద్రమును చూచిన పిల్లలకు దాని చెంతనుండు బొగ్గు గుట్టలు జ్ఞప్తికి వచ్చును. గనినుండి బొగ్గు కొన్ని దినములు రాకపోయినను ఆ గుట్టలతో కేంద్రము నడచును. మెదడునకు అట్టి గుట్ట లేదు. కండరములును కాలేయమును కొంత పిండిపదార్థమును గ్లైకోజెన్ రూపమున దాచుకొనగలవు. మెదడునందు దాగియుండునది మిక్కిలి స్వల్పము. కావలసిన గ్లూకోజును ప్రాణవాయువును ఎప్పటికప్పుడు రక్తమే తెచ్చి యీయవలెను. మెదడునకు రక్తము పూర్తిగా ఆగిపోయినచో పది సెకండ్లలో మనిషికి స్పృహ తప్పును.

జీవకణము గ్లూకోజును నేరుగా పనికి వినియోగింపలేదు. బొగ్గును కాల్చి కరెంటుగా మార్చినట్లు, గ్లూకోజును దహించి ఆ శక్తిని అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అను పదార్థముగా మార్చుకొనును. దీనినే పొడి అక్షరములలో ఏ.టి.పి. అందురు. కణములో జరుగు పనులు చాలవరకు దీని శక్తితోనే జరుగుచున్నవి. దీనికి తోడుగా ఫాస్ఫోక్రియాటిన్ అను మరియొక పదార్థము కలదు. కరెంటు పోయినప్పుడు కొద్దిసేపు దీపమును వెలిగించు బ్యాటరీ వంటిది ఇది. ఏ.టి.పి. తరిగిన వెంటనే తనలోని ఫాస్ఫేటును అప్పుగా ఇచ్చి దానిని మరల నింపును.

ఈ రెండు పదార్థములను కనుగొన్నవారిలో ఒకరు తెలుగువారని తెలిసికొనుట మన విద్యార్థులకు సంతోషము కలిగించును. వారు 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1923లో అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి పనిచేసిరి. రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతి నొకదానిని ఆ యిరువురును 1925లో ప్రకటించిరి. ఫిస్క్–సుబ్బారావు పద్ధతియని పేరుగన్న ఆ కొలతయే వారిని ముందునకు నడిపినది. దానితో కండరములను పరీక్షింపగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. బయల్పడినవి. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ అను శాస్త్రజ్ఞుడును ఏ.టి.పి.ని స్వతంత్రముగా కనుగొనెను. 1948లో సుబ్బారావుగారు కీర్తిశేషులైరి. కండరమునందు వారు చూచిన ఆ ఇంధనమే మెదడును నడిపించుచున్నది; పక్షవాతమున మొట్టమొదట అడుగంటునదియు ఆ ఇంధనమే.

రక్తము ఆగిన పిమ్మట

రక్తనాళము పూడుకొన్న చోట మొదట ప్రాణవాయువు కరవగును. ఫాస్ఫోక్రియాటిన్ ఒకటి రెండు నిమిషములలో ఖర్చైపోవును. తరువాత ఏ.టి.పి. తరుగనారంభించును. అప్పుడు కణము గ్లూకోజును ప్రాణవాయువు లేకయే సగములో విరిచి, కొద్దిపాటి శక్తిని రాబట్టుకొన జూచును. అట్లు విరిచినప్పుడు లాక్టిక్ ఆమ్లము మిగులును. పెరుగునకు పులుపు వచ్చునది ఈ ఆమ్లము వలననే. ఆరోగ్యముగా నున్నప్పుడు రక్తము దీనిని ఎప్పటికప్పుడు కొనిపోవును. ఇప్పుడు రక్తమే లేదు గనుక ఆ ఆమ్లము అచటనే పేరుకొనును.

ప్రతి నాడీకణపు పొరయందును సోడియమును వెలికి తోడి, పొటాషియమును లోనికి చేర్చు సూక్ష్మమైన పంపులు కలవు. భూగర్భ గనులలో పనిచేసిన తండ్రులకు ఇది సులభముగా బోధపడును. గనిలో ఊరు నీటిని రాత్రింబవళ్లు పంపులు తోడుచుండవలెను. కరెంటు పోయి పంపులు నిలిచినచో గని మునుగును. ఏ.టి.పి. లేనినాడు నాడీకణమునకును అదే గతి. పొటాషియము వెలికి జారిపోవును, సోడియము, దాని వెంట నీరు లోనికి చొచ్చును, కణము ఉబ్బును. ఆపై కాల్షియము హద్దు మీరి లోపల ప్రవేశించును. కాల్షియము ఎక్కువైనప్పుడు కణములోని కొన్ని ఎంజైములు అదుపు తప్పి, మాంసకృత్తులను, పొరలలోని క్రొవ్వులను తెగగొట్టును. ఇల్లు కట్టిన పనిముట్లతోనే ఇల్లు కూల్చినట్లగును.

ఐతే మెదడు భాగమంతయు ఒక్కసారిగా చచ్చిపోదు. ఇదియే ఈ వ్యాసమునకెల్ల ముఖ్యమైన మాట. పూడుకొన్న నాళము వలన రక్తము దాదాపు పూర్తిగా ఆగిన నడిమి భాగము కొద్ది నిమిషములలో నశించును. దాని చుట్టునున్న భాగమునకు ఇరుగుపొరుగు నాళములనుండి కొంచెము రక్తము అందుచుండును. అది పనిచేయుటకు చాలదు. కాని ప్రాణము నిలుపుకొనుటకు కొంతసేపు చాలును. ఆ భాగము పని మాని, ఆకలితో, బ్రతికియుండును. గ్రహణ పాఠమున మనము ప్రచ్ఛాయ, ఉపచ్ఛాయ యని చదువుకొందుము. నిండు చీకటి ప్రచ్ఛాయ. దాని చుట్టునుండు సగము వెలుగు ఉపచ్ఛాయ. 1981లో ఆస్ట్రప్, సీయెషో, సైమన్ అను వైద్య శాస్త్రజ్ఞులు మెదడునందలి యీ ఆకలి వలయమునకు ఆ గ్రహణపు పేరునే పెట్టిరి. రక్తము మరల ప్రవహించినచో ఈ వలయము కోలుకొనును. ఆలస్యమైనచో ఇదియు నడిమి భాగముతో పాటు నశించును. పెద్ద నాళము పూడి, చికిత్స జరుగని పక్షవాతమున నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని అమెరికా వైద్యుడు జెఫ్రీ సేవర్ 2006లో లెక్క కట్టెను.

నశించిన భాగమేది, ఆకలితో నున్న భాగమేది, ఆ రెంటి నడుమ హద్దు ఎచట? హద్దున ఏ పదార్థము తరిగినది, ఏది పెరిగినది? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుటయందే పరారుణ కిరణములు ఉపకరించుచున్నవి.

ఎఱుపునకు ఆవలనున్న వెలుగు

1800వ సంవత్సరమున ఇంగ్లండులో విలియం హెర్షెల్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని గాజు పట్టకము గుండ పంపి, ఏడు రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగునందు ఎంత వేడిమి కలదో ఉష్ణమాపకములతో కొలిచెను. ఊదానుండి ఎఱుపువైపు పోయిన కొలది వేడిమి పెరిగినది. ఎఱుపును దాటి, ఏ రంగును కనబడని చోట నుంచిన ఉష్ణమాపకమున పాదరసము మరింత పైకెక్కినది. కన్నులకు కనబడని వెలుగు అచట కలదని ఆయన గ్రహించెను. దానినే నేడు పరారుణ కిరణములందుము. మే నెలలో చంద్రపూర్‌లో ప్రొద్దు గ్రుంకిన తరువాత రాతిగోడ చెంత నిలిచినప్పుడు గోడను తాకకయే ముఖమునకు వేడి తగులును గదా! ఆ గోడ వెదజల్లునది పరారుణ కిరణములే. టెలివిజను రిమోటులోనుండి వచ్చునదియు ఇదే జాతి వెలుగు. మీటను నొక్కుచు దాని చివరను మొబైలు ఫోను కెమెరాలో చూచినచో, ఒట్టి కంటికి కనబడని మెరుపు పలు ఫోనులలో కనబడును. పిల్లలు ఇంటియందే చేసి చూడదగిన పరీక్ష ఇది.

ఈ కిరణములతో పదార్థములను గుర్తుపట్టుట ఎట్లు? ప్రతి అణువును పరమాణువుల కూర్పు. ఆ పరమాణువులు చువ్వలతో బిగించినట్లు కదలక యుండవు; స్ప్రింగులతో కట్టినట్లు ఎల్లప్పుడు కంపించుచుండును. బడి ఆవరణమునందలి ఊయలను తలచుకొనుడు. దాని ఊపునకు సరిపోవునట్లు తోసినచో అది మన బలమును గ్రహించి పైపైకి పోవును. వేళ తప్పి తోసినచో గ్రహింపదు. అట్లే అణువులోని ప్రతి బంధమును తన ఊపునకు సరిపడు పరారుణ కిరణమునే గ్రహించును; తక్కిన కిరణములను విడిచిపెట్టును. ఒక పదార్థముగుండ కిరణములను పంపి, ఏయే కిరణములు లోపించినవో చూచినచో, అచట ఏయే బంధములు కలవో తెలియును. వ్రేలిముద్రను చూచి మనిషిని గుర్తుపట్టునట్లు, లోపించిన కిరణములను చూచి పదార్థమును గుర్తుపట్టవచ్చును. అమెరికా శాస్త్రజ్ఞుడు విలియం కోబ్లెంట్జ్ 1905లో అనేక పదార్థములకు ఇట్టి ముద్రలను కొలిచి ప్రకటించెను.

ఈ కంపనముల శాస్త్రమునందును తెలుగువారి కృషి కలదు. సి.వి. రామన్ 1928 ఫిబ్రవరి 28న ప్రకటించిన కాంతి పరిక్షేపణ ఫలితమును ఇదే కంపనములను మరియొక మార్గమున చూపించునది. ఆ దినములలోనే వారి చెంత చేరి పనిచేసిన సూరి భగవంతముగారు కృష్ణాజిల్లా ఆగిరిపల్లివారు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్యులుగా నున్న కాలమున టి. వెంకటరాయుడుగారితో కలిసి, గణితమునందలి సమూహ సిద్ధాంతమును భౌతిక సమస్యలకు అన్వయించు గ్రంథమును వారు 1948లో ప్రకటించిరి. ఒక అణువునకు ఎన్ని విధముల కంపనములుండును, వానిలో ఏవి పరారుణ కిరణములకు కనబడును, ఏవి రామన్ మార్గమున కనబడును అను లెక్క అట్టి సిద్ధాంతము వలననే తేలుచున్నది.

మెదడునందలి పదార్థముల ముద్రలు ఇట్లుండును. కిరణముల తరంగదైర్ఘ్యమును మైక్రానులలో కొలుతురు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. క్రొవ్వులు సుమారు 3.4, 3.5 మైక్రానుల కిరణములను గ్రహించును. మాంసకృత్తులు 6 మైక్రానుల ప్రాంతమున గ్రహించును. ఫాస్ఫేటు గల పదార్థములు 8, 9 మైక్రానుల ప్రాంతమున గ్రహించును. లాక్టిక్ ఆమ్లపు ముద్రయు, గ్లైకోజెన్ ముద్రయు 9 మైక్రానుల చుట్టుపట్ల నుండును. మరియొక విశేషము కలదు. ఆరోగ్యముగా మడతపడిన మాంసకృత్తునకును, రూపము చెడి ముద్దకట్టిన మాంసకృత్తునకును ముద్ర స్వల్పముగా మారును. ఉడికిన గ్రుడ్డులోని తెల్లసొన మరల పచ్చిది కాజాలదు గదా. మెదడునందు మాంసకృత్తులు అట్లు ముద్దకట్టిన తావులను ఈ స్వల్పమైన తేడాయే పట్టి యిచ్చును.

చిత్రము తీయు విధము

ఇట్టి పరిశోధన ఆసుపత్రిలోని రోగులపై జరుగునది కాదు. ప్రయోగశాలయందు, ముఖ్యముగా చుంచెలుకలపై, జంతుహింసను అరికట్టు నియమములకు లోబడి జరుగునది. కాంతికి స్పందించు ఒక రంగును ఎలుక రక్తమున ప్రవేశపెట్టి, మెదడుపై ఒకచోట కాంతిని ప్రసరింప జేయుదురు. అచట రక్తము గడ్డకట్టి, చిన్న పక్షవాతము కలుగును. నిర్ణీత కాలము గడచిన తరువాత మెదడును తీసి తక్షణము గడ్డకట్టింతురు. ఈ తొందర ఎందులకన, రక్తము ఆగిన కణములలో లాక్టిక్ ఆమ్లము నిమిషములలో పెరుగును. ఆలస్యమైనచో వ్యాధి వలన కలిగిన మార్పేదో, మరణము వలన కలిగిన మార్పేదో విడదీయుట అసాధ్యమగును.

అట్లు గడ్డకట్టిన మెదడును సుమారు 10 మైక్రానుల మందము గల పొరలుగా కోయుదురు. ఇది తలవెండ్రుక మందములో ఏడెనిమిదవ వంతు. నీరు పరారుణ కిరణములను విశేషముగా మ్రింగివేయును గనుక పొరను ఇంత పలుచగా కోసి ఆరబెట్టవలెను. గాజుపలక పనికిరాదు, ఈ కిరణములలో పెక్కింటిని గాజు అడ్డగించును. అందుచేత కాల్షియం ఫ్లోరైడ్ బిళ్లపై పొరను పరతురు. సాధారణముగా సూక్ష్మదర్శినితో చూచునప్పుడు మెదడు పొరను మందులలో నానబెట్టి, సారాయములో కడిగి, రంగులు అద్దుదురు. ఇచట అది తగదు. సారాయము క్రొవ్వులను కరగించును. కడుగుటవలన లాక్టిక్ ఆమ్లము కొట్టుకొనిపోవును. ఏ రంగును అద్దకుండ, దేనిని కడుగకుండ, ఉన్నది ఉన్నట్లు చూచుటయే ఈ విధానమునకు గల గొప్పతనము.

తరువాత పరారుణ సూక్ష్మదర్శినితో పొరను పరీక్షింతురు. దీని కెమెరాయందు నిలువున 64, అడ్డమున 64 చొప్పున 4,096 గ్రాహకములుండుట కద్దు. ప్రతి గ్రాహకమును తన యెదుటనున్న చిన్న చుక్క యొక్క పూర్తి ముద్రను గ్రహించును. అన్ని కిరణములను ఒకేసారి పంపి, కలగలిసిన సంకేతమునుండి ఒక్కొక్క కిరణపు పాలును గణితముతో విడదీయుదురు. ఈ గణితము ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫూరియే పేర ప్రసిద్ధి చెందినది. వేడి లోహముగుండ ఎట్లు ప్రాకునో తెలిసికొనుటకు ఆయన కల్పించిన గణితము ఇప్పుడు మెదడును చూచుటకు పనికివచ్చినది. మరింత నిశితమైన చిత్రము కావలసినచో, ఎలక్ట్రానులను పెద్ద వలయమున త్రిప్పి పుట్టించు ప్రచండమైన సింక్రోట్రాన్ వెలుగును వాడుదురు. అట్టి యంత్రము మన దేశమునందు మొదటిది ఇందోరున 1999లో నెలకొన్న ఇండస్-1.

చివరకు గణకయంత్రము ఒక్కొక్క పదార్థమునకు ఒక్కొక్క పటమును గీయును. భారతదేశపు పటమున వర్షపాతమును రంగులతో చూపునట్లు, మెదడు పటమున లాక్టిక్ ఆమ్లము ఎక్కువగా నున్నచోట ఎఱుపు, తక్కువగా నున్నచోట నీలము కనబడును. ఆ రంగులు యంత్రము వేసినవే. మెదడునకు ఆ రంగులు లేవు.

పటములు చెప్పిన సంగతులు

కెనడా దేశమున సస్కాటూన్ నగరమునందలి సస్కాచువాన్ విశ్వవిద్యాలయమువారు, తోడి శాస్త్రజ్ఞులతో కలిసి, ఈ విధానమును పక్షవాతమునకు అన్వయించి 2016లో ఫలితములను ప్రకటించిరి. మెదడు పొర నొకదానియందే గ్లైకోజెన్, లాక్టిక్ ఆమ్లము రెంటిని ఏకకాలమున పరారుణ చిత్రముగా తీయవచ్చునని వారు నిరూపించిరి. మెదడున నాడీకణములే కాక, వానిని పోషించి కాపాడు గ్లియా అను పరిచారక కణములును కలవు. దెబ్బతిన్న భాగపు చుట్టును ఈ పరిచారక కణములు గుమిగూడును. వాని చెంత గ్లైకోజెన్ పెరుగును. సామాన్యముగా నిలువ చేసికొనని మెదడు, ఆపద వచ్చినప్పుడు, ఆపద అంచున ఇంధనమును దాచుకొన యత్నించుచున్నది. ఆ దాచినదానిని పరిచారక కణములు నాడీకణములకు పంచునా, తామే వాడుకొనునా అను విషయము నేటి పరిశోధకులు విచారించుచున్న ముఖ్యమైన ప్రశ్న.

అదే నగరమున కెనడియన్ లైట్ సోర్స్ అను సింక్రోట్రాన్ కేంద్రము కలదు. పరారుణ చిత్రమునకు జతగా ఎక్స్-కిరణములతో చిత్రము తీసినచో మూలకముల పటము లభించును. నశించిన భాగమున పొటాషియము తరిగి, కాల్షియము పెరిగియుండుట దానియందు స్పష్టముగా కనబడును. పంపులు నిలిచిన గనిని గూర్చి మేము పైన చెప్పినది ఊహ కాదు. పటముగా గీయబడిన సత్యము. మాంసకృత్తులు ముద్దకట్టిన తావులను పరారుణ చిత్రము చూపును. ఇట్లు ఒక్క మెదడు పొరనుండియే ఆకలి, ఆమ్లము, వరద, శిథిలము అను నాలుగు కథలను చదువ వీలగుచున్నది.

దీని వలన రోగికి లాభమేమని తల్లిదండ్రులు అడుగవచ్చును, అడుగదగిన ప్రశ్నయే. ఎలుకల మెదడును కాపాడిన మందులు అనేకము మనుష్యులలో విఫలమైనవి. ఏ మందు ఎచట, ఎప్పుడు, ఏ పదార్థమును నిలుపగలిగినదో సూటిగా చూడకుండుట దీనికొక కారణము. ఆకలి వలయమును రసాయనముగా చూడగలిగిననాడు, దానిని మరికొన్ని గంటలు బ్రతికించు ఉపాయమును వెదకుటకు సరియైన దారి దొరకును. అట్టి మందు ఇంకను చేతికి రాలేదు. అంతవరకు ఆ వలయమును కాపాడునది ఒక్కటే: త్వరగా రక్తమును మరల ప్రవహింపజేయుట.

బ్రతికియున్న మనిషి మెదడును ఈ కిరణములతో చూడలేమా యన్నచో, పైన చెప్పిన పొడవైన తరంగములతో సాధ్యము కాదు. తలలోని నీరు వానిని అడ్డగించును. ఎఱుపునకు అతి సమీపమున నున్న పొట్టి పరారుణ తరంగములు మాత్రము చర్మమును, పుఱ్ఱెను కొంత దాటి పోగలవు. వానితో మెదడునందలి రక్తపు ప్రాణవాయువును తెలిసికొన వచ్చునని అమెరికాలో ఫ్రాన్స్ యోబ్సిస్ 1977లో చూపెను. 2020, 2021 సంవత్సరములలో కరోనా కాలమున వ్రేలికి తగిలించి ప్రాణవాయువు శాతమును చూచిన చిన్న పరికరమును మన యిండ్లలో పలువురెరుగుదురు. అదియు ఎఱుపు వెలుగును, పరారుణపు వెలుగును వ్రేలిగుండ పంపి చేయు లెక్కయే.

మనము చేయవలసినది

ప్రయోగశాలలోని పటము మన యింటికి నేర్పు పాఠము కాలమును గూర్చినది. గడ్డను కరగించు మందును వ్యాధి ఆరంభమైన నాలుగున్నర గంటలలోపల ఈయవలెను. ఎంత ముందైన అంత మేలు. పెద్ద నాళమున గడ్డ చిక్కినప్పుడు సన్నని గొట్టముతో దానిని తీసివేయు చికిత్సయు కలదు. తగిన రోగులకు కొన్నియెడల 24 గంటలవరకు అది పనికివచ్చును. చంద్రపూర్‌నుండి నాగపూర్‌నకు రోడ్డున సుమారు 150 కిలోమీటర్లు. దాదాపు మూడు గంటల ప్రయాణము. కనుక తెల్లవారనిమ్మని వేచియుండుటకు, తైలము కాచుటకు, నాటువైద్యుని పిలువనంపుటకు వ్యవధి లేదు.

ముఖము ఒకవైపు జారుట, రెండు చేతులు చాచినప్పుడు ఒకటి వ్రాలిపోవుట, మాట తడబడుట — ఈ మూడింటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనబడినను పక్షవాతమేయని యెంచి, 108 నంబరునకు ఫోను చేయవలెను. సి.టి. స్కాన్ గల ఆసుపత్రికే తీసికొని పోవలెను. రక్తనాళము పూడినదా, చిట్లినదా యన్నది ఆ చిత్రము వలననే తెలియును. రెంటికిని చికిత్స వేరు. అందుచేత ఆ చిత్రము తీయకముందు ఇంటియందు ఆస్పిరిన్ మాత్ర మ్రింగింపరాదు. మ్రింగుడు చెడియుండును గనుక నీరు గాని, అన్నము గాని నోట పెట్టరాదు.

తెలుగు మాత్రమే తెలిసిన పెద్దలు మన యిండ్లలో కలరు. ఇచటి ఆసుపత్రిలో ఈ వ్యాధిని మరాఠీలో అర్ధాంగవాయు, పక్షాఘాత అనియు, హిందీలో లక్వా అనియు అందురు. వైద్యుడు మొదట అడుగునది "కేవ్హా సురూ ఝాలే?" అని, అనగా ఎప్పుడు మొదలైనదని. రోగి చివరిసారి బాగుగా నున్నప్పుడు గడియారమున ఎన్ని గంటలైనదో దానికి సమాధానము. పెద్దల పక్షమున ఈ మాటను స్పష్టముగా చెప్పగలవారు రెండు భాషలు నేర్చుచున్న మన పిల్లలే. ఆ ఒక్క సమాధానముపై మందు ఈయవచ్చునా లేదా యన్న నిర్ణయము ఆధారపడి యుండును.

రాకముందే ఆపుట మరింత మేలు. రక్తపు పోటు అధికముగా నుండుట పక్షవాతమునకు మొదటి కారణము. అది నొప్పి లేని శత్రువు. కొలిచిననే గాని తెలియదు. ముప్పది యేండ్లు దాటిన ప్రతివారును దానిని కొలిపించుకొనవలెను. మందు వ్రాసినచో, బాగుగానున్నదని మానివేయరాదు. ఉప్పు తగ్గింపవలెను. మన ప్రాంతమున పొగాకు, వక్క, సున్నము కలిపి నూరి నములు ఖర్రాను పిల్లలు సైతము ఎరుగుదురు. చుట్ట, బీడీలవలెనే ఖర్రాలోని పొగాకును రక్తనాళములకు కీడే చేయును. దానిని కొనితెమ్మని పిల్లలను దుకాణమునకు పంపుట పెద్దలు మానవలెను.

సుబ్బారావుగారు కండరములో భాస్వరమును కొలిచినప్పుడు పక్షవాతమును తలచియుండరు. హెర్షెల్ ఎఱుపునకు ఆవల ఉష్ణమాపకమునుంచినప్పుడు మెదడును తలచియుండడు. వారు జాగ్రత్తగా కొలిచిరి. ఆ కొలతలు నేడు ఒకచోట కలిసి, పడిపోయిన మనిషి తలలో ఇంకను బ్రతికియున్న భాగము కలదని మనకు చెప్పుచున్నవి. ఆ భాగము ఎన్ని గంటలు నిలుచునో మనము నిర్ణయింపలేము. ఆ గంటలలో ఎన్నింటిని మనము ఇంటియందే పోగొట్టుదుము అనునది మాత్రము మన చేతిలోని పని.